షెడ్డు అద్దె తీసుకుని నా అంబాసిడర్‌ని వానలో పెట్టారు

మేనేజర్ గారికి,

మేడ్చల్ దగ్గర మీ షెడ్డులో నా 1972 అంబాసిడర్ మార్క్ 2 పెట్టాను. 2024 డిసెంబర్ నుంచి 2025 సెప్టెంబర్ దాకా పది నెలలకు, నెలకు 3,500 చొప్పున 35,000 కట్టాను. ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు.

దసరా రోజు బండికి పూజ చేద్దామని బంతిపూలు, నిమ్మకాయలు పట్టుకుని మల్కాజిగిరి నుంచి వస్తే బండి షెడ్డులో లేదు. వెనక ప్రహరీ పక్కన మట్టిలో, ప్లాస్టిక్ పట్టా కింద ఉంది. వానాకాలమంతా అక్కడే ఉందని మీ వాచ్‌మన్ చెప్పాడు. పట్టా ఎత్తితే లోపలంతా చెమ్మ, డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్లు, హెడ్‌లైట్ వైర్లు ఎలుకలు కొరికేశాయి. ప్లాస్టిక్ కప్పితే చెమ్మ బయటికి పోదని చెప్పి మరీ కాటన్ కవర్ ఇచ్చాను, అదేమైందో ఎవరూ చెప్పరు. హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, చక్రాలకు ఇటుకలు పెట్టండి అని కాగితం మీద రాసిచ్చినా వేసే ఉంచారు. వెనక చక్రాలు పట్టేసి, నలుగురం నెట్టినా కదల్లేదు.

మరి నెలనెలా వాట్సాప్‌లో పంపిన ఫోటోలు? ఇంటికొచ్చి వరసగా చూశాను. ఆగస్టులో పంపిన దాంట్లో కూడా గోడ మీద క్యాలెండర్ మార్చి నెలే ఉంది! అవి చూసుకునే నేను ధైర్యంగా ఉన్నాను.

"పాత బండే కదా సార్, స్క్రాప్‌కి ఇచ్చేయండి" అన్నాడు మీ సూపర్‌వైజర్. అది మా నాన్న నడిపిన బండి. దాని కోసమే చిట్టీ కడుతున్నాను, వచ్చే ఏడాది పాడుకుని ఇంజిన్, పెయింటింగ్ చేయించాలని లెక్క వేసుకున్నాను, అందులో ఫ్లోర్ పని లేనే లేదు. అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది, కాబట్టి ఫ్లోర్ తుప్పు పట్టిన చోట రంగు వేస్తే సరిపోదు, రేకు కోసి వెల్డింగ్ చేయాలి. నా చేతిలో డబ్బు కూడేదాకా బండి ఉన్నది ఉన్నట్టు ఉండాలనే కదండీ మీకు అద్దె కట్టింది!

వానలు మొదలైన జూన్ నుంచి కట్టిన నాలుగు నెలల అద్దె 14,000 వెనక్కి ఇవ్వండి. వైరింగ్, బ్రేకులు, ఫ్లోర్ మా మెకానిక్ వచ్చి చూస్తాడు, ఆ ఖర్చు మీరే పెట్టుకోవాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే కాగితాలు, ఫోటోలతో వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ముందు ఈరోజే ఆ ప్లాస్టిక్ తీసేసి బండిని షెడ్డులోకి చేర్చండి. చక్రాలు తిరగట్లేదు కాబట్టి తాడు కట్టి ఈడ్చొద్దు, ట్రాలీ మీద ఎక్కించండి.