ఆ పెట్టెలోవి ఏ పొలంలో పండాయి?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ సిటీ పేజీలో ఆర్గానిక్ కూరగాయలు, అంటే రసాయన ఎరువులు, మందులు లేకుండా పండించినవి, పెట్టెల్లో పెట్టి ఇంటికి పంపే కంపెనీ గురించి అర పేజీ కథనం వేశారు. రాయడమెందుకులే అని కొన్నాళ్లు ఊరుకున్నాను, ఊరుకోలేకపోయాను. అందులో కంపెనీ యజమాని ఫొటో ఉంది, వెదురుబుట్ట పట్టుకుని నవ్వుతున్న మోడల్ ఫొటో ఉంది, డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన యాప్ పేరు కూడా ఉంది. ఒక్క రైతు మాత్రం లేడు. ఇలాంటివాటి కింద చిన్న అక్షరాల్లోనైనా ‘ప్రకటన’ అని వేసే రోజులు పోయాయనుకోవాలి.

అలాంటి పెట్టె ఒకటి వేసవి నుంచి మా ఇంటికీ వస్తోంది. మా అబ్బాయి, కోడలు ముచ్చటపడి నెల డబ్బు ముందే కట్టారు. రైతు బజారులో కిలో బెండకాయలొచ్చే డబ్బుకు ఇక్కడ పావుకిలో ఇస్తారు. సరే, మందులు కొట్టకపోతే దిగుబడి తక్కువ, కూలి ఖర్చు ఎక్కువ. ఆ డబ్బు రైతు చేతికి పోతుందంటే ఇవ్వడానికి మాకేం బాధ లేదు.

మన చుట్టుపక్కల పొలాల్లో ఈ సీజన్‌లో పండినవే పంపుతామని పెట్టె మీద రాసి ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అందులోంచి చలికాలపు పంటలైన క్యాలీఫ్లవర్, పచ్చి బఠానీ వచ్చాయి. ఆ ఎండల్లో చేవెళ్ల వైపు బఠానీ కాయించిన రైతెవరో చెబితే పద్మశ్రీకి సిఫార్సు చేద్దాం. గోంగూర, చుక్కకూర అడిగితే కేల్ అనే విదేశీ ఆకుకూర పంపారు. దాన్ని పప్పులో వేస్తే మావారు కంచం పక్కకు నెట్టేశారు. ఒకసారి వంకాయల్లో పురుగులున్నాయి. కంపెనీకి ఫోన్ చేస్తే, “పురుగుందంటే మందు కొట్టలేదనేగా మేడమ్” అంది అక్కడి అమ్మాయి. తర్వాతి పెట్టెలో మచ్చయినా లేకుండా, అన్నీ ఒకే సైజులో నిగనిగలాడే వంకాయలు. మళ్లీ ఫోన్ చేశాను. “వేపనూనె కొట్టారు మేడమ్” అంది. పురుగున్నా ఆర్గానిక్కే, లేకపోయినా ఆర్గానిక్కే. ఇక వాళ్లను పట్టుకునేదెలా? పైగా భూమిని కాపాడుదాం అని రాసిన ఆ పెట్టెలో గుప్పెడు పచ్చిమిరపకాయలకు కూడా ఒక థర్మాకోల్ ట్రే!

నిబంధనలు లేకనా అంటే, ఉన్నాయి. ఆర్గానిక్ ఆహారం మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2017లో తెచ్చిన నిబంధనలు 2018 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఆర్గానిక్ అని అమ్మాలంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ తనిఖీ చేసి ఇచ్చే ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ గానీ, రైతులే బృందంగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ సర్టిఫికెట్ గానీ ఉండాలి. ‘జైవిక్ భారత్’ ముద్ర తెచ్చింది ఇలాంటి సరుకు కోసమే. ఏడాదికి 12 లక్షల లోపు అమ్ముకునే చిన్న రైతు నేరుగా మనకే అమ్మితే మినహాయింపు ఉంది, అది న్యాయమే. నగరమంతా వ్యాన్లు తిప్పే కంపెనీ ఏ లెక్కన చిన్న రైతు అవుతుందో మాత్రం నాకు బోధపడలేదు.

మా పెట్టె మీద ఆ ముద్ర లేదు. సర్టిఫికెట్ నంబరు, పొలం ఏ ఊళ్లో ఉందో చెప్పమంటే, రైతుల ప్రైవసీ అట, చెప్పరట. బిల్లు మీద 14 అంకెల నంబరుంది కదా అన్నారు. అది తిండి వ్యాపారం చేసుకోవడానికి ఆహార భద్రతా సంస్థ ఇచ్చే నంబరు, మిర్చి బజ్జీల బండికైనా ఇస్తారు. దాన్ని చూసి సర్టిఫికెట్ అనుకునేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే బోలెడుమంది.

ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. అది మా పరిధి కాదమ్మా, ఫలానా వాళ్లకు చేయండన్నారు. ఆ ఫలానా వాళ్లు మళ్లీ మొదటి ఆఫీసు నంబరే ఇచ్చారు. ఆహార భద్రతా అధికారులు హోటళ్ల మీద దాడులు చేసి కుళ్లిన మాంసం వీడియోలు పెడుతున్నారు, సంతోషం. నాచారంలో ప్రభుత్వ ఆహార ప్రయోగశాల ఉంది. నెలకోసారి ఈ పెట్టెల్లోంచి నాలుగు వంకాయలు, మార్కెట్లోంచి నాలుగు తీసుకెళ్లి ఏ మందు ఎంతుందో పరీక్షించి, ఫలితం పేపర్లో వేయించలేరా? కూరగాయలకు కెమెరా ముందు కంపు కొట్టే గుణం లేదు, అదొక్కటే వాటి లోపం.

అసలు జనం ఈ పెట్టెల వెంట ఎందుకు పడుతున్నారు? భయంతో. మూసీ మురుగునీటితో పెంచిన ఆకుకూరల గురించి ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం, ఆ కట్టలు మార్కెట్‌కు వస్తూనే ఉన్నాయి. 1999లో రైతు బజార్లు పెట్టినప్పుడు గుర్తింపు కార్డున్న రైతే తట్ట దించుకుని అమ్మేవాడు. ఇప్పుడు మా దగ్గరి బజారులో సగం మంది దళారులే. బోర్డు మీద ఒక ధర, తక్కెడ దగ్గర ఇంకో ధర. అక్కడ నమ్మకం పోగొట్టి, ఆ నమ్మకాన్నే నాలుగింతల ధరకు అమ్ముకోమని కంపెనీలకు వదిలేశారు.

నష్టపోయేది నిజంగా కష్టపడ్డవాళ్లు. జనగామ జిల్లా ఏనెబావిలో ఊరు ఊరంతా ఏనాడో రసాయనాలు మానేసింది. ఆంధ్రాలో ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. కూరగాయల్లాంటి పంటలకు ఆర్గానిక్ ముద్ర కావాలంటే విత్తడానికి ముందు కనీసం రెండేళ్లు భూమిని రసాయనాలు లేకుండా మార్చుకోవాలి. ఆ రెండేళ్లూ మంచి ధర రాకున్నా ఓర్చుకున్న రైతుకూ, మార్కెట్లో కొన్న సరుకును అట్టపెట్టెలో సర్దేవాడికీ తేడా చెప్పేవాడు లేకపోతే ఆ రైతు ఎవరికి చెప్పుకోవాలి?

మీ విలేకరి ఈసారి వెళ్లినప్పుడు యజమానిని కాకుండా గోడౌన్‌ను ఫొటో తీయాలి. లారీ ఏ మార్కెట్ నుంచి వచ్చిందో రాయాలి. మా కోడలు యాప్‌లో చందా రద్దు చేసింది. మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వరట, వాలెట్‌లోనే ఉంటుందట. దానికి కూరగాయలే తీసుకోవాలట.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్