ఐఆర్‌ఏ నీకు కాదు, ఎందుకో చెప్తా

కన్నా,

ఫోన్‌లో ఈ మాట ఎత్తితే "అమ్మా, ఇప్పుడెందుకు ఇవన్నీ" అని తప్పించుకుంటావు, అందుకే రాస్తున్నా. మొన్న వీలునామా తిరగరాయించాను. నా ఐఆర్‌ఏ, అదే రిటైర్మెంట్ కోసం దాచుకున్న ఖాతా, మొత్తం ఛారిటీకి వెళ్తుంది, ఇల్లూ షేర్లూ నీకు.

ఐఆర్‌ఏలో ఉన్నది ఇంకా ఇన్‌కమ్ టాక్స్ కట్టని డబ్బు. అది నీకు వస్తే పదేళ్లలోపు అంతా బయటికి తీసెయ్యాలి, తీసినప్పుడల్లా నీ జీతంతో కలిపి పన్ను కట్టాలి, అప్పటికి నువ్వు బాగా సంపాదించే వయసులో ఉంటావు. ఛారిటీకైతే ఆ బాధే లేదు, వాళ్లు పైసా కట్టక్కర్లేదు. షేర్ల సంగతి వేరు. నాన్న ఎప్పుడో చవగ్గా కొన్నవైనా సరే, నేను పోయిన రోజు ఉన్న ధరే నువ్వు కొన్న ధర కింద లెక్క, అప్పటిదాకా పెరిగినదాని మీద నీకు పన్ను పడదు. చాలామంది దీన్ని ఉల్టా చేసి షేర్లు ఛారిటీకీ ఐఆర్‌ఏ పిల్లలకీ రాస్తారు.

ఇక ఎస్టేట్ టాక్స్, అంటే పోయినవాళ్లు వదిలిన ఆస్తి మీద పడే పన్ను. ఫెడరల్‌ది 2026లో 15 మిలియన్ డాలర్లు దాటితేనే, అంత మనకెక్కడిది! మన రాష్ట్రం మసాచుసెట్స్‌ది మాత్రం 2 మిలియన్లు దాటితే పడుతుంది. ఇల్లు, రిటైర్మెంట్ డబ్బు, నా ఇన్సూరెన్స్ కలిపితే దాటేస్తాం. ఛారిటీకి వెళ్లినదాన్ని ఆ లెక్కలోంచి పూర్తిగా తీసేస్తారు. అలాగని పన్ను తప్పించుకోవడానికి ఇస్తున్నాననుకోకు, ఆ పన్ను అన్నిటికన్నా పై రేటే 16 శాతం, నూరు ఇస్తే పదహారు మిగలడమే గొప్ప. ఇవ్వాలనిపించింది, ఇస్తున్నా.

నాన్న వీలునామాతో నేను పడ్డ టెన్షన్ నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. డబ్బు ఇవ్వాలనుకున్న ఛారిటీకి అందరూ పిలిచే పేరే రాసేశారాయన, తీరా చూస్తే ఆ పేరుతో రెండు సంస్థలు, ఇద్దరూ ఉత్తరాలు రాశారు. పైగా "మిగిలినదాంట్లో పది శాతం" అన్నారు కదా, ఇక కారు ఎంతకి అమ్మారు, లాయర్ ఫీజు అంత ఎందుకైంది అని ప్రతి లెక్కా అడిగారు. వాటా ఉన్నవాళ్లు అడుగుతారు, అది వాళ్ల తప్పు కాదు, కానీ నెలలు గడిచిపోయాయి.

అందుకే ఈసారి శాతాలు లేవు. నేనిచ్చే ఛారిటీ రిజిస్టరైన పేరు, టాక్స్ నంబరు ఐఆర్‌ఏ బెనిఫిషియరీ ఫారంలోనే (నా తర్వాత ఆ డబ్బు ఎవరికో చెప్పేది) రాశాను, డబ్బు ప్రొబేట్‌తో, అంటే వీలునామా కోర్టు పనితో, సంబంధం లేకుండా నేరుగా వెళ్లిపోతుంది. (ఫారంలో ఒకటీ వీలునామాలో ఒకటీ ఉంటే ఫారమే చెల్లుతుంది, నీ అకౌంట్లు కూడా ఒకసారి చూసుకో.) అయినా ఎస్టేట్ టాక్స్ రిటర్నులో ఆ మొత్తాన్ని ముందు చూపించి, తర్వాత తగ్గించాల్సింది నువ్వే, వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్‌వి కాబట్టి. నేను పోయిన తొమ్మిది నెలల్లో రిటర్ను వెయ్యాలి. ఆ పన్ను తేలేదాకా ఎవరికీ ఏమీ పంచకు, నువ్వు కూడా తీసుకోకు, తర్వాత చాలకపోతే నీ జేబులోంచి కట్టాల్సి రావచ్చు. ఛారిటీ దగ్గర రసీదు మర్చిపోకు.

నీలం ఫైలు బీరువా కింది అరలో ఉంది. లాయర్ నంబరు అట్ట మీద అంటించాను. ఈసారి వచ్చినప్పుడు తీసి చూడు, అర్థం కానిది నేనుండగానే అడుగు.

అమ్మ