కొండ మీద ప్రతి కిలోకీ లెక్కుంది

సంపాదకులు గారికి నమస్కారం.

జమ్మూ కశ్మీర్‌లోని పీర్ పంజాల్ కొండల్లో ఎప్పుడు ఎదురుకాల్పులు జరిగినా రెండు రోజులపాటు టీవీల్లో, పేపర్లలో ఒకటే చర్చ. డ్రోన్లు ఎందుకు పంపలేదు, హెలికాప్టర్లు ఏం చేస్తున్నాయి, ఇంత పెద్ద సైన్యం ఉండి అడవిలో దాక్కున్న నలుగురైదుగురు ఉగ్రవాదుల్ని పట్టుకోలేకపోవడమేంటి అని. అలాంటి కొండల్లో కొన్నేళ్లు డ్యూటీ చేసినవాణ్ణి, ఈ చర్చలు వింటుంటే మనసు కష్టంగా ఉంటుంది. అడిగేవాళ్ల ఉద్దేశం మంచిదే, కాకపోతే అడగాల్సింది అడగడం లేదు. జవాను వీపు మీద ఎన్ని కిలోలున్నాయి, కాళ్లకు ఏ బూట్లున్నాయి, గుండు తగిలితే కిందికి దించడానికి ఎన్ని గంటలు పడుతుంది, వీటి గురించి ఒక్కరూ మాట్లాడరు.

మా పిట్టూలో, అంటే వీపు సంచిలో, ఏముండేదో చెప్తాను. రెండు రోజుల తిండి, నీళ్లు, రేడియో సెట్‌కి అదనపు బ్యాటరీలు, వానకోటు, పొడి మేజోళ్లు. ఒంటి మీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, తలకి పట్కా అనే గుండు ఆపే కవచం, రైఫిల్, మ్యాగజైన్లు, గ్రనేడ్లు. అన్నీ కలిపితే పాతిక కిలోలు సులువుగా దాటేది. అవతలివాడి దగ్గర ఒక తుపాకీ, కాసిన్ని గుళ్లు, జేబులో తినడానికి ఏదో ఉంటుంది అంతే. ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు కాల్చాలో వాడి ఇష్టం. మేము ఎక్కుతూ ఉండాలి. గంటసేపు నిటారు వాలు ఎక్కాక గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే, చెమట కళ్లలోకి దిగుతుంటే రైఫిల్ నిలకడగా పట్టుకోవడమే ఒక యుద్ధం. అందులోనూ నిటారు వాలు మీదికైనా కిందికైనా కాల్చేటప్పుడు గుండు గురికన్నా పైకి పోతుంది, అందుకే కొంచెం కిందికి గురిపెట్టాలని నేర్పిస్తారు. ఆయాసంలో ఆ మాట గుర్తు రావాలంటే ఎంత ప్రాక్టీస్ ఉండాలో ఆలోచించండి.

ఒక సాయంత్రం కొండవాగు దాటుతుండగా మావాడొకడికి తొడలో గుండు దిగింది. రక్తం ఆగేలా పట్టీ బిగించి కట్టాం. వాలంతా పైన్ ఆకులు, తడిసి సబ్బులా జారుతున్నాయి. స్ట్రెచర్ మోయడానికి నలుగురు, వాళ్లు అలిసిపోతే మార్చుకోవడానికి ఇంకో నలుగురు, ముందొకడు వెనకొకడు కాపలా. అంటే ఒక్క గుండుకి పది మంది పోరాటంలోంచి తప్పుకున్నట్టే. రోడ్డు కింద కనిపిస్తూనే ఉంది, అంబులెన్సు లైటు కూడా కనిపిస్తోంది, అక్కడికి చేరడానికి ఐదు గంటలు పట్టింది. దారంతా వాడు నీళ్లు అడుగుతూనే ఉన్నాడు. బతికాడు, ఇప్పటికీ కుంటుతాడు. నాకైతే డ్రోన్ల మీద కోపం లేదు, అవి కావాలి, ఎన్ని ఇచ్చినా తక్కువే. కానీ దట్టమైన చెట్ల కింద, గుహల్లో, మంచు కమ్మిన పూట పైనుంచి కెమెరాకి కనిపించేది తక్కువ. గాయపడ్డవాణ్ణి మోసేది మటుకు మనుషులే.

ఇదంతా మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. బ్రిటిష్ కాలంలో వాయవ్య సరిహద్దులో, వజీరిస్తాన్‌లో సైనిక దళం లోయలోకి అడుగు పెట్టే ముందే రెండు వైపులా ఎత్తుల మీదికి పికెట్లని, అంటే చిన్న కాపలా జట్లని, పంపేవాళ్లు, దళం దాటాకే వాళ్లని దించేవాళ్లు, దిగేటప్పుడే ఎక్కువ ప్రమాదం అని కూడా వాళ్లకి తెలుసు. సోవియట్ సైన్యం 1979లో అఫ్ఘానిస్తాన్‌కి ట్యాంకులతో వచ్చింది. యూరప్ మైదానాల కోసం చేసిన ట్యాంకు ఫిరంగి కొండ శిఖరం వరకూ పైకి లేవదు. పైనుంచి కాల్చేవాడిని ఎదుర్కోవడానికి చివరికి విమానాల్ని కూల్చడానికి చేసిన షిల్కా తుపాకీ బండ్లని కాన్వాయ్‌లలో పెట్టుకున్నారు, అవి దాదాపు నిటారుగా పైకి కాల్చగలవు కాబట్టి. అక్కడ పనికిరాని రాడార్ పీకేసి ఆ చోట గుళ్లు నింపారు. అదే దేశంలో అమెరికావాళ్లు కామ్‌దేశ్ దగ్గర చుట్టూ కొండలున్న లోయ అడుగున కీటింగ్ అనే పోస్టు పెట్టుకున్నారు. 2009 అక్టోబరు 3న పైనుంచి చుట్టుముట్టి కాలిస్తే ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. వాళ్లకి లేని ఆయుధం లేదు, లేనిది ఎత్తు ఒక్కటే.

మన దగ్గర 2023 ఏప్రిల్ 20న పూంచ్ జిల్లాలో ఆర్మీ ట్రక్కు మీద దాడి చేస్తే ఐదుగురు జవాన్లు పోయారు. అదే ఏడాది డిసెంబరు 21న పూంచ్ కొండల్లోనే మళ్లీ సైనిక వాహనాల మీద దాడి, నలుగురు పోయారు. కొండ రోడ్డు మలుపులో బండి నెమ్మదించక తప్పదు, పక్కనే అడవి. అక్కడ కాపాడేది పొద్దున్నే నడుచుకుంటూ కల్వర్టు కల్వర్టూ, పొద పొదా వెతికే రోడ్ ఓపెనింగ్ పార్టీ, దాంతోపాటు ఎత్తు మీద కూర్చున్న నలుగురు మనుషులు. రోజూ అదే రోడ్డు, అదే పని. విసుగొస్తుంది, ఏమీ దొరకదు. ఆ విసుగు కోసమే అవతలివాడు వారాలకొద్దీ కాచుకుని ఉంటాడు. అందుకే ఆ డ్యూటీలో మనుషుల్ని త్వరత్వరగా మార్చాలని, బండ్లకి మందుపాతర తట్టుకునే అడుగు ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మంచి పనులు జరగలేదని అనను. 2018లో 1.86 లక్షల కొత్త జాకెట్లకి 639 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. 2024లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ కలిసి అభేద్ అనే జాకెట్ తయారుచేశాయి, రక్షణ స్థాయిని బట్టి కనీస బరువు 8.2 కిలోలు, 9.5 కిలోలు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. అలాంటివి కొండ ఎక్కేవాడికే ముందు అందాలి, కింద గేటు దగ్గర నిలబడేవాడికి తర్వాత ఇచ్చినా ఫర్వాలేదు. బూట్ల సంగతీ అంతే. తడిసిన బూటుతో రెండు రోజులు నడిస్తే అరికాలు తెల్లగా ఉబ్బి, మేజోడు తీస్తుంటే తోలు దాంతోపాటే వచ్చేది.

ఇంకో మాట కూడా రాయాలి. ఆ కొండల దారులు అందరికన్నా బాగా తెలిసినవాళ్లు గొర్రెలు, గేదెలు తోలుకుని వేసవిలో పైకెక్కే గుజ్జర్, బకర్వాల్ కుటుంబాలు. 1999లో కార్గిల్‌లో చొరబాటుదార్లని ముందుగా చూసి మన సైన్యానికి చెప్పింది తాషీ నామ్‌గ్యాల్ అనే పశువుల కాపరే, తప్పిపోయిన జడల బర్రెని వెతుక్కుంటూ వెళ్లి. 2023 డిసెంబరు దాడి తర్వాత విచారణకని తీసుకెళ్లిన ముగ్గురు స్థానికులు చనిపోయారు. సైనికుడిగా పనిచేసినవాడిగా ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ అలాంటిది ఒక్కటి జరిగినా ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ నోరు విప్పరు, ఆ నష్టం తర్వాత గస్తీకి వెళ్లే కుర్రాళ్ల మీద పడుతుంది.

అయ్యా, మీ విలేకరులకి ఒక విన్నపం. ఈసారి కొండల్లో దాడి జరిగినప్పుడు ఎంతమంది పోయారన్నదాంతోపాటు గాయపడ్డవాళ్లు ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది, ఆ పొద్దున రోడ్డు వెతికారా లేదా, వాళ్లు వేసుకున్న జాకెట్ ఏ కాలంది, ఈ మూడూ అధికారుల్ని అడిగి వేయండి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు