హరిశ్చంద్రుడు అబద్ధమాడనంత వరకూ

అంబాజీపేట,
ఆదివారం.

ఒరేయ్ చంటీ,

ఫోనులో నీ కోపం నాకు సగమే వినబడింది. కొట్టు ముందు లారీకి కాయలు ఎత్తుతున్నారు. ఒక చెవిలో నువ్వు, ఇంకో చెవిలో ముఠా మేస్త్రి. "జోర్-ఎల్‌ని అలా ఎలా చేస్తారు నాన్నా, కామిక్‌లో అలా లేదు" అన్నది మాత్రం తెలిసింది. ఆ సూపర్‌మ్యాన్ సినిమా నేనూ చూశాను. నువ్వు ట్యాబ్‌లో వేసిచ్చిన కామిక్కులు భోజనాలయ్యాక కూడబలుక్కుంటూ చదువుతున్నాను. కాబట్టి మాట్లాడే అర్హత నాకూ ఉందనుకుంటున్నాను. ఫోనులో అయితే మధ్యలో అడ్డొస్తావు, అందుకే కాయితం తీశాను.

నీ కోపం 2025 సూపర్‌మ్యాన్ మీద. కన్నవాళ్ళు పంపిన సందేశంలో సగమే అతను విన్నాడు, మిగతా సగం బయటపడేసరికి అందులో "భూమిని ఏలుకో" అని ఉంది. ఇన్నేళ్ళూ దేవుడిలా కొలిచిన కన్నతండ్రి జోర్-ఎల్ ఒక్కసారిగా దురాశాపరుడైపోయాడు. అది మార్పే, చిన్న మార్పు కూడా కాదు. అయితే "కామిక్‌లో అలా లేదు" అని తీర్పు చెప్పేముందు ఏ కామిక్‌లో అని అడగాలి కదా. 1938లో జెర్రీ సీగల్, జో షుస్టర్ తెచ్చిన మొదటి సూపర్‌మ్యాన్‌కి అసలు ఎగరడమే రాదు. గెంతుతాడంతే, మైలులో ఎనిమిదో వంతు. రేడియో నాటకంలో, ఆ తర్వాత 1941లో ఫ్లైషర్ వాళ్ళ కార్టూన్లలో ఎగిరాడు. గెంతడం తెరమీద బాగోలేదని ఎగరనిచ్చారట. అతన్ని కూలదోసే ఆ పచ్చరాయి, క్రిప్టొనైట్, అది కూడా 1943లో రేడియోలో పుట్టి 1949కి గానీ పుస్తకంలోకి రాలేదు. వాళ్ళ పత్రిక ఎడిటర్ పెర్రీ వైట్ కూడా రేడియో నుంచే వచ్చాడు. నువ్వు ప్రాణంగా చూసుకునే ఆ "అసలు" పుస్తకంలో సగం సరుకు బయటినుంచి వచ్చి చేరిందేరా.

ఇంకో తమాషా కూడా నీ ట్యాబ్‌లోనే దొరికింది. మార్వెల్ కథల్లో గూఢచారుల పెద్ద నిక్ ఫ్యూరీ మొదట తెల్లవాడు. 2002లో ఒక కామిక్ సిరీస్‌లో అతన్ని నల్లజాతి నటుడు శామ్యూల్ జాక్సన్ ముఖంతో గీశారు. 2008లో ఆ జాక్సనే సినిమాలో ఆ వేషం కట్టాడు. అందులో ఎవరు ఎవరిని చూసి చేశారంటావు?

అలాగని ఏం చేసినా చెల్లుతుందని నేననడం లేదు. ఇక్కడే నాకు మన పద్యనాటకాలు గుర్తొస్తాయి. నీ చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర పెట్టిస్తే నువ్వు నా ఒళ్ళోనే నిద్రపోయేవాడివి, కాటిసీను వచ్చేసరికి మాత్రం హార్మోనియం గోలకి లేచి కూర్చునేవాడివి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలు మాత్రం ఆయనవి కావు, జాషువా గారి శ్మశానవాటివి. వేరే పుస్తకంలోవి తెచ్చి నటులు అందులో కలిపేశారు. కలిపినందుకు ఎవరైనా నొచ్చుకున్నారా? లేదు సరికదా, ఆ పద్యాలు పాడకపోతే స్టేజీ దిగనివ్వరు. ఒక్కో పద్యానికి వన్స్‌మోర్‌లు. రాగం పావుగంట లాగినా కూర్చుంటారు. ఊరిని బట్టి వేషం మారుతుంది, కిరీటం మారుతుంది. మా రోజుల్లో ఒకాయన చేతిగడియారం తీయడం మరిచిపోయి కాటికాపరి వేషంలో వచ్చేశాడు, జనం నవ్వేసి ఊరుకున్నారు.

అదే హరిశ్చంద్రుడు, చంద్రమతి లోహితాస్యుణ్ణి భుజాన వేసుకొచ్చినప్పుడు, "మన బిడ్డే కదా, పోనీలే" అని కాటి సుంకం వదిలేశాడనుకో. అప్పుడు చూడు పందిట్లో సంగతి! హార్మోనిస్టు గోడ దూకాలి. పద్యాలు ఎవరివైనా సరే, మధ్యలో ఎన్ని చేర్చినా సరే, ఆ సుంకం అడిగి తీరాలి. అడగకపోతే బలిజేపల్లి వారి అక్షరం ఒక్కటీ పోకుండా పాడినా సరే, అక్కడున్నది హరిశ్చంద్రుడు కాదు.

మీ సూపర్‌హీరోలకీ అలాంటి సుంకం ఒకటి ఉంటుందని నా లెక్క. వీడు ఎంత నష్టమైనా దేన్ని వదలడు, ఎంత లాభమైనా ఏ పని చెయ్యడు అన్నది చూడాలి. మిగతావన్నీ తెర వెనక సామాను.

2013 సూపర్‌మ్యాన్ సినిమా సంగతి నువ్వే మొదటిసారి నాకు చెప్పావు, విలన్ జాడ్ మెడ విరిచేశాడని, సూపర్‌మ్యాన్ చంపడని. కామిక్‌లో చంపాడురా! 1988లో, జాన్ బర్న్ రాసి గీసిన 22వ సంచికలో. ఇంకో లోకంలో భూమి మొత్తాన్ని నాశనం చేసిన ముగ్గురు క్రిప్టాన్ వాళ్ళని, అంటే తను పుట్టిన గ్రహం వాళ్ళని, ఆ పచ్చరాయితోనే చంపుతాడు. ఆ ముగ్గురిలో ఒకడి పేరు జాడే. నీ లెక్క ప్రకారం సినిమా పుస్తకానికి కట్టుబడినట్టే. నాకు మాత్రం కట్టుబడినట్టు అనిపించలేదు. పుస్తకంలో ఆ చావులు అతన్ని వదలవు. మనసు చెదిరి, తనకి తెలియకుండానే రాత్రిళ్ళు వేరేవాడి వేషంలో తిరుగుతాడు. చివరికి తన వల్ల జనానికి ముప్పని భయపడి భూమినే వదిలేసి అంతరిక్షంలోకి వెళ్ళిపోతాడు. నెలల తరబడి సంచికల్లో ఆ చేతికంటిన రక్తమే కథ. సినిమాలో ఒక పెద్ద కేక పెట్టాడు. ఆ కేక బాగానే ఉంది, కాదనను. కాసేపటికే సైనికాధికారితో ఛలోక్తులు, ఆ తర్వాత కళ్ళజోడు పెట్టుకుని ఉద్యోగంలో చేరడం. చంపడం వరకూ పుస్తకంలో ఉంది, సుంకం కట్టడం మాత్రం తెరమీదికి రాలేదు.

బ్యాట్‌మ్యాన్ విషయంలో మాత్రం నీ పక్షమే. అతను 1939లో, మొదటి ఏడాదిలో, తుపాకీ పట్టాడు, మనుషుల్నీ చంపాడు. ఆ మాట చెప్పి నీతో వాదించొచ్చు గానీ వాదించను. తొందర్లోనే దాన్ని మాన్పించేశారు, అప్పటినుంచీ తల్లినీ తండ్రినీ తీసుకున్న ఆ వస్తువుని ముట్టనివాడుగానే పెరిగాడు. 2016 సినిమాలో ఆ బండ ఇనప కవచం, సూపర్‌మ్యాన్‌తో కొట్లాట, ముసలితనం, ఇవన్నీ 1986లో ఫ్రాంక్ మిల్లర్ గీసిన పుస్తకంలోంచి తెచ్చుకున్నారు కదా. అదే పుస్తకంలో గుర్రమెక్కి వచ్చి, మూక చూస్తుండగా తుపాకీని రెండుగా విరిచి, ఇది శత్రువుల ఆయుధం, మనకొద్దు అంటాడు. సినిమావాళ్ళు కవచం కుట్లతో సహా తెచ్చుకున్నారు, ఆ ఒక్క బొమ్మ దగ్గర మాత్రం పేజీ తిప్పేసినట్టున్నారు. వీళ్ళ బ్యాట్‌మ్యాన్ కారుకే మెషీన్‌గన్లు బిగించుకుని మనుషుల మీదికి పేలుస్తాడు. చూసి వచ్చిన రోజు నువ్వు అన్నం తినలేదని మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ కోపం సబబైనదే.

ఇక స్పైడర్‌మ్యాన్. అతను చేతుల్లోంచి వదిలే బూజు గురించి నువ్వూ మీ స్నేహితులూ కొట్టుకోవడం నాకు తెలుసు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో చేసిన కుర్రాడు ఆ బూజు మందు తనే తయారుచేసుకుని మణికట్టుకి యంత్రం కట్టుకుంటాడు. 2002 సినిమాలో ఒంట్లోంచే వస్తుంది. (ఆ సినిమా చూసి 2004లో కామిక్కుల్లోనూ కొన్నాళ్ళు అలాగే పెట్టారు, తర్వాత తీసేశారు. గుర్తుంచుకో.) నాకు యంత్రమే ఇష్టం. సరిగ్గా అవసరమైనప్పుడు మందు అయిపోతుంది కాబట్టి. చేతిలో డబ్బుల్లేని తెలివైన కుర్రాడు ఎలా నెట్టుకొస్తాడో అందులో కనబడుతుంది. అయినా బూజు మార్చిన ఆ సినిమాలనే నేను దగ్గరివి అంటాను. 2004లో వచ్చిన రెండోది చూడు, అద్దె కట్టలేడు, పిజ్జాలు ఆలస్యంగా ఇచ్చి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, కాలేజీలో చీవాట్లు. లోకాన్ని కాపాడినందుకు అతనికి దక్కేది ఆలస్యమైనందుకు తిట్లే. మణికట్టు సంగతి వదిలేసి బాధ్యత అనే సుంకాన్ని పైసాతో సహా వసూలు చేశారు.

దీనికి ఎదురు చెప్పే ఉదాహరణ 2017 సినిమాలో ఉంది. శిథిలాల కింద పడి ఆ కుర్రాడు బరువంతా ఎత్తే సీను. నీళ్ళ మడుగులో సగం తన ముఖం, సగం ముసుగు కనబడతాయి. అది డిట్కో 1966లో, 33వ సంచికలో గీసిన ఘట్టమే. ఆ పేజీలు చదువుతుంటే నాకు ఊపిరాడలేదు. మీద ఇనుము, ఎదురుగా నేలమీద చిన్న మందు డబ్బా, నీళ్ళు కారిపోతున్నాయి. తల్లిలా పెంచిన మే ఆంటీ ఆసుపత్రిలో ఉంది, ఆ మందు అందకపోతే బతకదు. అందుకని ఎత్తుతాడు. సినిమాలో ఆంటీ ఇంట్లో బాగానే ఉంది. తనకి సూటు ఇచ్చిన పెద్దాయన, సూటు లేకపోతే నువ్వు ఏమీ కాకపోతే అది నీకు తగదని దాన్ని లాగేసుకున్నాడు కాబట్టి, తనేమిటో తనకి తానే రుజువు చేసుకోవాలని ఎత్తుతాడు. బొమ్మ గీతకి గీత దించారు, కింద ఉన్న కారణం మార్చేశారు. ఒకడు అత్త కోసం లేచాడు, ఇంకొకడు తన కోసం. అయినా ఒక్కటి చెప్పాలి. ఎత్తేముందు ఆ పిల్లాడు "ఎవరైనా ఉన్నారా" అని ఏడుస్తూ అరుస్తాడు చూడు, అది పుస్తకంలో లేకపోయినా నాకు నచ్చింది. పదిహేనేళ్ళవాడు అలాగే అరుస్తాడు.

మళ్ళీ నీ జోర్-ఎల్ దగ్గరికి వస్తాను. ఇది నా సొంత గొడవ కూడా, ఎందుకంటే ఈ కథలో నాకు అందరికన్నా దగ్గరివాడు కెంట్, సూపర్‌మ్యాన్‌ని పెంచిన ఆ కాన్సస్ రైతు. అతన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చేశారు. 1978 సినిమాలో గుండెపోటుతో ఇంటి దగ్గరే పోతాడు, అన్ని శక్తులుండీ తండ్రిని నిలుపుకోలేకపోయానని కొడుకు సమాధి దగ్గర ఏడుస్తాడు. 2013లో సుడిగాలి వస్తుంటే, నీ రహస్యం బయటపడుతుంది, రాకు అని చెయ్యెత్తి కొడుకుని ఆపేసి పోతాడు. మొదటిది చూసి ఎంత బాధపడ్డానో రెండోది చూసి అంత చిరాకుపడ్డాను. బస్సులో పిల్లల్ని కాపాడినందుకు "ఏమో, చావనివ్వాల్సిందేమో" అన్నట్టు మాట్లాడే తండ్రి దగ్గర పెరిగినవాడు లోకాన్ని కాపాడడం ఎక్కడ నేర్చుకున్నాడట? వరదొచ్చినప్పుడు లంకల్లో పడవ ఉన్నవాడు, ఎవరైనా చూస్తారేమోనని ఇంట్లో దాక్కుంటే మనం వాడి ఇంట మంచినీళ్ళు తాగుతామా? పుస్తకాల్లో కెంట్ దంపతులు కొన్నిసార్లు పోయారు, 1986 తర్వాత చాలాకాలం బతికే ఉన్నారు. బతికున్న కెంట్ అంటేనే నాకు ఇష్టం. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు కదా.

ఈ కొత్తదానిలో బతికే ఉన్నాడు. కన్నతండ్రి మాట విషమని తెలిసి, ఒళ్ళు చెడి, ఇంటికొచ్చిన కొడుకు పక్కన కూర్చుంటాడు. నువ్వేం కావాలో చెప్పడానికి మేం కాదు, నువ్వు ఎంచుకున్నవీ చేసినవీ నిన్ను తయారుచేస్తాయి అన్న ధోరణిలో ఏదో చెబుతాడు. మాటలు కూడా సరిగ్గా రావు పాపం. అది చెప్పించడానికే జోర్-ఎల్‌ని బలిపెట్టారు. ఖరీదైన బలే. కానీ సినిమా మొత్తం మీద సూపర్‌మ్యాన్ చేసిందేమిటి? ఊరు కూలుతుంటే ఉడతని కూడా తీసి పక్కన పెట్టాడు. ఏలమన్న వాళ్ళ మాట కాదని, కాపాడమన్న వాళ్ళ మాటే నిలబెట్టాడు. నా పందిట్లో ఈ హరిశ్చంద్రుడికి వన్స్‌మోర్. నువ్వు ఒప్పుకోకపోయినా ఏం పర్లేదు. జోర్-ఎల్‌ని చెడ్డవాణ్ణి చెయ్యకుండానే ఆ సీను రాయొచ్చు అంటావేమో. రాయొచ్చు. ఎలాగో రాసి పంపు, చదువుతాను.

మీ అమ్మకి ఈ చర్చలో ఒకటే అభిప్రాయం, సూపర్‌మ్యాన్‌కి ఎర్ర నిక్కరు మళ్ళీ పెట్టడం మంచి పనేనట, లేకపోతే మరీ బోసిగా ఉన్నాడట. పూర్వం సర్కస్ పహిల్వాన్ల వేషం చూసి అలా గీశారని చెబితే, "అయితే ఇంకా మంచిది" అంది.

వోల్వరిన్ అనే ఇంకో హీరో గురించి నన్ను అడగకు. పుస్తకంలో అతను 5 అడుగుల 3 అంగుళాల పొట్టివాడనీ, తెరమీద ఆరడుగులు దాటిన హ్యూ జాక్‌మన్‌ని పెట్టారనీ మీ బాబాయికి ఆ పేజీ చూపించాను. ఇన్నేళ్ళూ సినిమాలే చూసిన మనిషి. కాసేపు ట్యాబ్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పొట్టోడెవడో డూపు అయ్యుంటాడండీ అన్నయ్యా" అన్నాడు. ఎంత చెప్పినా వినడం లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే తేల్చుకో.

మీ నాన్న