దెబ్బలు స్టేజీ మీదివాళ్లకి, డబ్బులు నిర్వాహకులకి

సంపాదకుల వారికి,

గత శనివారం ఔటర్ రింగ్ రోడ్డు పక్క మైదానంలో జరిగిన సంగీత విభావరి గురించి సోమవారం మీ సిటీ పేజీలో వచ్చిన వార్త చదివాను. గాయనిపై బాటిళ్లు విసిరారని, లిప్ సింక్ (రికార్డు పాటకి పెదవులు కదపడం) చేసినందుకే జనం ఆగ్రహించారని రాశారు. వార్తలో ఆమె పేరు మళ్లీ మళ్లీ కనిపించింది. నిర్వాహకుల పేరు ఒక్కచోట కూడా లేదు. నేను ఆ రోజు టికెట్ కొనుక్కుని మా అమ్మాయితో కలిసి అక్కడే ఉన్నాను. చిక్కడపల్లిలో మైక్ సెట్ల పని చేసుకుని బతికినవాణ్ణి కాబట్టి స్టేజీ మీద ఏం జరుగుతోందో పక్కవాళ్ల కంటే కాస్త ఎక్కువే అర్థమైంది. ఆమె ఎవరినీ మోసం చేయలేదు. మోసమేదైనా జరిగి ఉంటే అది ఆమె స్టేజీ ఎక్కకముందే అయిపోయింది.

టికెట్ మీద ఏడు గంటలకు ప్రారంభం అని ఉంది. ఐదింటికి తీస్తామన్న గేట్లు ఆరున్నర దాటాక తీశారు. ఎందుకో లైన్లో నిలబడ్డ అందరికీ వినిపిస్తూనే ఉంది. లోపల ఇంకా ‘చెక్, చెక్, వన్ టూ’ నడుస్తోంది. సౌండ్ చెక్ అంటే మధ్యాహ్నానికల్లా తెమిలిపోవాల్సిన పని. డ్రమ్స్‌కి మైకులు పెట్టి, ఒక్కో వాయిద్యం లెవెల్ చూసుకుని, పాడేవాళ్లు వచ్చి తలా ఒక చరణం పాడిచూస్తే గానీ అది పూర్తి కాదు. సామాను లారీ ఆలస్యంగా దిగితే అదంతా సాయంత్రానికి జరుగుతుంది. అడ్వాన్స్ చేతిలో పడకపోతే లారీ గోడౌన్ దగ్గరే ఆగిపోతుంది. (ఆ రోజు అలాగే జరిగిందని అనడం లేదు. మా వృత్తిలో అందరూ ఎరిగిన సంగతి చెప్తున్నాను.)

లోపలికి వెళ్లాక స్పాన్సర్ల యాడ్లు తెర మీద తిప్పి తిప్పి వేశారు. యాంకర్ వచ్చి ‘హైదరాబాద్, వినపడట్లేదు, ఇంకా గట్టిగా’ అంటూ జనం చేత అరిపించాడు. ఎనిమిదిన్నరకు ఇక పాట మొదలవుతుందనుకుంటే ముఖ్య అతిథి వచ్చారు. ఆయనకు శాలువా, ఆయన వెంట వచ్చినవాళ్లకు శాలువాలు, జ్ఞాపికలు, జ్ఞాపికలతో ఫొటోలు, ఆ ఫొటోలో పడనివాళ్ల కోసం మళ్లీ ఇంకో ఫొటో. వేలు పోసి టికెట్ కొన్నవాళ్లం నిలబడి చూస్తుంటే సన్మానాలు మాత్రం టికెట్ కొననివాళ్లకి జరిగాయి. మొదటి పాట ఎత్తుకునేసరికి తొమ్మిది దాటింది.

ఈ ఆలస్యం మామూలు ఆలస్యం కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. దీనికి అలాంటి సడలింపు లేదని పది కాగానే పోలీసులు వచ్చి ఆపించినప్పుడు తేలింది. అంటే ఏడు నుంచి పది దాకా మూడు గంటలని చెప్పి అమ్మిన కార్యక్రమంలో రెండు గంటలు పాట లేకుండానే పోయాయి. వాటిని తర్వాత కలుపుకునే వీలు లేదు. ఈ లెక్క నిర్వాహకులకు తెలియదా? జనానికి తెలుసు. తొమ్మిదింటికే ‘ఇంకెంతసేపు పాడతారు’ అని గొణుగుడు మొదలైంది.

ఆమె స్టేజీ మీదికి వచ్చేటప్పటికి ఈలలు, బూతులు, డబ్బులు వాపస్ ఇవ్వమన్న అరుపులు. ఆమె మాత్రం నవ్వుతూ చెయ్యి ఊపింది. ‘చూశారా అంకుల్, ఎంత పొగరో’ అన్నాడు నా పక్కనున్న కుర్రాడు. అది పొగరు కాదు. ఇప్పుడు పాడేవాళ్లు చెవుల్లో ఇన్ ఇయర్ మానిటర్లు పెట్టుకుంటారు. తమ గొంతు, వాయిద్యాలు, తాళానికి క్లిక్ వాళ్లకు వినిపిస్తాయి గానీ బయటి గోల సగం కూడా చెవిన పడదు. లైట్ల వెలుగులో నిలబడి చూసేవారికి, కోపంతో చేతులు ఊపే జనం కూడా సంబరపడుతున్న జనంలాగే కనిపిస్తారు.

రెండో పాట మధ్యలో జనరేటర్ ట్రిప్పయింది. కాసేపట్లోనే స్టాండ్‌బై జనరేటర్ అందుకుంది, లైట్లు వెలిగాయి. కానీ మైకుల, వాయిద్యాల చప్పుళ్లన్నీ కలిపి స్పీకర్లకు పంపే డిజిటల్ మిక్సర్ కంప్యూటర్ లాంటిది. కరెంటు ఒక్క క్షణం పోయినా మళ్లీ మొదటి నుంచి బూట్ అవ్వాలి, అందాకా స్పీకర్లలోంచి చప్పుడు రాదు. జనానికి కనిపించిందల్లా స్టేజీ నిండా వెలుతురు, పెదవులు కదుపుతున్న గాయని, ఎక్కడా వినపడని పాట. ఆమెకు విషయం అర్థమై పాట ఆపి, వెనక్కి తిరిగి కీబోర్డు అతనితో మాట్లాడుతోంది. ముందే రికార్డు చేసిన ట్రాక్ నడిపే లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కదా, అది ఆగలేదు. సరిగ్గా అప్పుడే మిక్సర్ లేచింది. ట్రాక్‌లోని పల్లవి, కోరస్‌తో పాటు ఆమె గొంతు కూడా, మైదానమంతా మోగింది. మైకేమో ఆమె నడుము దగ్గరుంది.

ఇక చెప్పేదేముంది. లిప్ సింక్, చీటింగ్ అని నాలుగు వైపుల నుంచీ అరుపులు. పల్లవికి దన్నుగా రికార్డు చేసిన గొంతుల్ని కింద కలపడం పెద్ద స్టేజీల మీద మామూలే. దాని మీద గాయకులు నిజంగానే పాడతారు. ఆ పద్ధతి మంచిదా కాదా అన్నది వేరే చర్చ, నాకైతే అంతగా నచ్చదు. మొదటి పాట మాత్రం ఆమె పాడిందే. రెండో చరణం చివర ఊపిరి అందక ఒక మాట మింగేసింది. రికార్డింగులో అలాంటిది ఎవరూ ఉంచుకోరు. ఇంతకీ ఆ మిక్సర్‌కి ఒక యూపీఎస్ పెట్టి ఉంటే ఈ గొడవంతా వచ్చేది కాదు. అక్కడ తగిలించిన ఫ్లెక్సీల ఖర్చులో అది ఏ మూలకి!

మొదటి బాటిల్ స్టేజీ ముందున్న మానిటర్ స్పీకర్ మీద పడింది. రెండోది రిథమ్ ప్యాడ్ వాయించే అబ్బాయికి కనుబొమ్మ పైన తగిలింది. కర్చీఫ్ అదిమిపట్టుకుని, ఒక చేత్తో ప్యాడ్ కేబుళ్లు పీకుతున్నాడు, సామాను పాడైతే తనదే బాధ్యత గనక. ప్రోగ్రామ్‌కి ఇంత అని మాట్లాడుకుని వచ్చేవాళ్లు వాళ్లు. టికెట్ రేట్లతో వాళ్లకి ఏ సంబంధమూ ఉండదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. విసిరినవాళ్లను వెనకేసుకు రావడం లేదు, ఫోన్ వీడియోల్లో ముఖాలు కనిపిస్తున్నాయి, కేసు పెట్టాల్సిందే. అయితే ఆ బాటిళ్లు ఎక్కడివి? గేటు దగ్గర మా నీళ్లు లాక్కుని పారేశారు. లోపల మూత బిగించిన నిండు బాటిళ్లు వాళ్లే అమ్మారు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌కి బాటిల్ ఎందుకు రానివ్వరో వీళ్లకి తెలియదనుకోవాలా?

అంత గొడవలో మైకు పట్టుకుని ‘సారీ అండి, టెక్నికల్ ప్రాబ్లమ్, దయచేసి ఐదు నిమిషాలు’ అని చేతులు జోడించింది ఎవరు? ఆ గాయనే. అందుకూ నవ్వారు. యాంకర్ అప్పటికే మాయమయ్యాడు. నిర్వాహకుల టెంట్ దగ్గరికి వెళ్తే ఖాళీ టేబుల్, దానికి కాపలాగా ఇద్దరు బౌన్సర్లు. ‘మాకేం తెలియదు సార్, మేం ఏజెన్సీ మనుషులం’ అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే అయ్యుంటుంది.

త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో కూడా మైకులు కీచుమన్నాయి, కరెంటు పోయింది, గాయకులు ఆలస్యంగా వచ్చారు. అప్పుడు సభ కార్యదర్శి స్వయంగా స్టేజీ ఎక్కి సంగతేమిటో చెప్పేవారు. ముందు వరుసలోని పెద్దాయన లేచి ఆయన్ని నాలుగు మాటలనేవారు. మైక్ సెట్ వాణ్ణి కూడా అనేవారు, అది వేరే సంగతి. కార్యదర్శి ఎవరో, ఏ వీధిలో ఉంటారో హాల్లో సగం మందికి తెలుసు. కోపం చేరాల్సిన మనిషి దగ్గరికే చేరేది. ఇప్పుడు టికెట్ యాప్‌లో ఉంటుంది, డబ్బు యాప్‌కి వెళ్తుంది, నిర్వాహకులంటే ఒక లోగో. కళ్లెదుట దొరికేది పాడే మనిషి ఒక్కరే.

ఇది మన ఊళ్లోనే ఉన్న జాడ్యం కాదు. 1965 జులై 25న అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో జానపద గాయకుడిగా పేరున్న బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టినందుకు జనం గోల చేశారని లోకమంతా చెప్పుకుంటుంది. అక్కడున్నవాళ్లలో కొందరు మాత్రం, సౌండ్ బాగోలేక పాట వినపడనందుకూ, మూడు పాటలకే బ్యాండ్ దిగిపోయినందుకూ అరిచారని చెప్తారు. ఇన్నేళ్లయినా అది తేలలేదు. మనకు దగ్గరి సంగతి, 2023 సెప్టెంబరు 10న చెన్నై శివార్లలో రెహమాన్ కచేరీ. టికెట్ ఉన్నవాళ్లే లోపలికి వెళ్లలేక వెనుదిరిగారు, తొక్కిసలాటలో ఆడవాళ్లు, పిల్లలు నానా అవస్థ పడ్డారు. తిట్లు ముందు రెహమాన్‌కే తగిలాయి. ఆయన టికెట్ కాపీలు పంపమని అడిగారు. నిర్వాహకులు కూడా తప్పు తమదేనని ఒప్పుకున్నారు. మన శనివారం నిర్వాహకుల నుంచి నేను ఈ ఉత్తరం రాసేనాటికి ఒక్క ముక్క లేదు.

2024 డిసెంబరులో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయాక మన పోలీసులు జనం లెక్క, పార్కింగ్, బందోబస్తు గట్టిగానే అడుగుతున్నారు. మంచిదే. దాంతో పాటు ఇంకో రెండు మూడు సంగతులు అడగడం కష్టమేమీ కాదు. సౌండ్ చెక్ అయ్యాకే గేట్లు తీయాలి. ఆలస్యమైతే ఎంతసేపటికి ఎంత డబ్బు వాపస్ ఇస్తారో టికెట్ మీదే ఉండాలి. కార్యక్రమం ముగిసేదాకా మైదానం వదలనని రాసిచ్చిన ఒక బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు కూడా అక్కడే అచ్చవ్వాలి. ఏదైనా జరిగితే స్టేజీ ఎక్కి చెప్పాల్సింది ఆ మనిషి. మీ విలేకరి మొదట ఫోన్ చేయాల్సిందీ ఆ మనిషికే.

టికెట్ కొన్నవాళ్లకు ఒక మాట. స్టేజీ మీదికి బాటిల్ విసిరితే రూపాయి రాదు. టికెట్ మీద చెప్పినట్టు కార్యక్రమం జరగకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపమే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టికెట్ కాపీ, టైము కనిపించే ఫోన్ వీడియో దాచుకోండి. నేను ఫిర్యాదు పెట్టాను.

అదే నిర్వాహకుల వచ్చే నెల కార్యక్రమం హోర్డింగులు అప్పుడే ఫ్లైఓవర్ స్తంభాల మీద వెలిశాయి. గాయకులు వేరు, లోగో అదే. దాని అనుమతి కోసం అర్జీ వచ్చినప్పుడు, మొన్నటి టికెట్ల డబ్బులు తిరిగిచ్చారా, ఆ ప్యాడ్ అబ్బాయి ఆసుపత్రి ఖర్చు ఎవరు కట్టారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాయించుకున్నాకే సంతకం పెట్టమని పోలీసు కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్