శెనక్కాయలతో కందిరీగను ఏమార్చిన కథ

అనంతపురం

ఒరే సీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టు, కానీ ముందు ఇది విను. అమ్మ బాగుంది. చెల్లెలి పరీక్షలు అయిపోయాయి. వాన ఇంకా పడలేదు. ఇంటి సంగతులు ఇంతే.

మా పెరట్లో ఎర్రమట్టిలో ఒక కందిరీగ బొరియ తవ్వుకుందిరా. మిడతను పట్టుకుని ఎక్కడినుంచో వచ్చి నేరుగా అందులో దూరుతుంది. చుట్టూ అంతా ఒకే మట్టి, మరి ఇల్లెలా గుర్తు? టిన్‌బర్గెన్‌కు కూడా ఇదే అనుమానం వచ్చిందట (జంతువుల ప్రవర్తన గమనించే శాస్త్రవేత్త, 1973లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకాయన). హాలండ్ ఇసుకలో, కందిరీగ లోపల ఉండగా బొరియ చుట్టూ పైన్ కాయలు పేర్చాడు. మనకు పైన్ కాయలెక్కడివి? శెనక్కాయలు పేర్చాను. "తినేవాటిని మట్టిలో పోస్తావేంరా" అని అవ్వ ఒకటే గోల. ఉడుత కూడా అవ్వ పక్షమే, కాయలు ఎత్తుకుపోతోంది.

కందిరీగ బయటికొచ్చి, గాల్లో చుట్లు తిరిగి చూసుకుని పోయింది. కాస్త అలవాటయ్యాక, అది లేనప్పుడు కాయలన్నీ ఒక అడుగు పక్కకు జరిపాను. వచ్చిందిరా! మిడతతో సహా కాయల మధ్యలో దిగి, లేని ఇంటికోసం మట్టంతా వెతుకుతోంది. అసలు బొరియ పక్కనే నోరు తెరుచుకుని ఉంది! ముందు గట్టిగా నవ్వాను, తర్వాత పాపం అనిపించి కాయలు వెనక్కి పెట్టేశాను. నేరుగా లోపలికి దూరింది.

ఒక్కసారి జరిగితే రుజువు కాదు కదా. అందుకే కొన్నిసార్లు కాయలు జరిపాను, కొన్నిసార్లు ఎత్తి మళ్లీ అక్కడే పెట్టాను, నా చెయ్యి కదిలినందుకే బెదిరిందేమో తేలాలని. ఎక్కడ దిగిందో రాసింది చెల్లెలు, నేనేం ఆశిస్తున్నానో దానికి చెప్పలేదు. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కాలు నేలకు తట్టి లెక్కలకు జవాబులు చెబుతోందని అందరూ నమ్మారు. తీరా 1907లో తేలిందేమిటంటే, అడిగేవాళ్ల తల కదలిక చూసి అది కాలు ఆపేసేదట. నువ్వు లెక్కల సారు మొహం చూసి జవాబు చెప్పినట్టే! ఆ సున్నా గుర్తుందా? సరే, దాని జోలికి పోను, గుత్తి బస్సు సంగతి నువ్వు బయటపెడతావు.

అసలైంది రేపుంది, అది గుర్తుపట్టేది కాయల్నా, గుండ్రాన్నా అని తేలాలి. రాళ్లు గుండ్రంగా, శెనక్కాయలు మూడు మూలలుగా పేరుస్తా. టిన్‌బర్గెన్ కందిరీగలు కాయల్ని వదిలేసి గుండ్రం వైపే పోయాయి. మనది అనంతపురంది, శెనక్కాయల వైపే పోతుందేమో... పందెం కాస్తావా? నేనైతే

ఒరే, అవ్వ చీపురు పట్టుకుని పెరట్లోకి పోతోంది! ఉండు, మళ్లీ రాస్తా.