పాఠశాల భవన పరిరక్షణ సంఘం, పాతనగరం, విశాఖపట్నం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పనులకు అడిగినప్పుడల్లా తాళాలు తీసిచ్చిన ప్రధానోపాధ్యాయినిగారికి, రాత్రి కాపలాదారుకు, ఇసుక జల్లెడ పట్టిన తల్లిదండ్రులకు, డంగు సున్నం పని మరిచిపోని మేస్త్రీగారికి కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

తూర్పు వరండా గోడ పూర్తయింది. గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను తర్వాత ఆ సున్నపు గోడకు సిమెంటు పూత వేయించారు. లోపలి చెమ్మకు బయటికి దారి లేకపోయింది. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు పూత వెనకే పేరుకుని ఇటుకను తినేసింది. వేలితో గీస్తే ఎర్రటి పిండి రాలేది. డ్రిల్లు పెడితే ఇటుక అదురుతుందని పూతను చిన్న ఉలితోనే ఒలిచాం. తడి కాగితపు గుజ్జు అద్ది, ఎండాక ఊడదీసి, మూడు విడతల్లో ఉప్పు లాగాం. తడిపిన సున్నాన్ని మూడు వారాలు గుంటలో మాగనిచ్చి, ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఏటి ఇసుక, ఒక పాలు ఇటుక పొడి కలిపాం. బీచి ఇసుక వాడితే వదిలించిన ఉప్పును మళ్లీ ఎక్కించినట్టే. ఒక్కో పూత అరంగుళం మించనివ్వలేదు.

పూత మీద వారం రోజులు తడి గోనెలు ఉండాలి. రెండో స్తంభం పక్కన రెండు రోజులు తడపలేదు, సరిగ్గా అక్కడే సన్నటి పగుళ్లు తేలాయి. ఆ వంతుకు పేరిచ్చిన ఆరుగురిలో వచ్చింది ఒక్కరే. రాలేకపోతే ముందురోజు ఒక ఫోను చేయండి, అంతకన్నా అడగడం లేదు.

మద్రాసు టెర్రస్ మిద్దె (టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన పాతకాలపు పైకప్పు) సంగతి ఆందోళనగా ఉంది. తూములు ఆకులతో పూడి, నిలిచిన నీరు గోడలోకి దిగి, గ్రంథాలయం గదిలో రెండు టేకు దూలాల కొనలు మెత్తబడ్డాయి. పిట్టగోడలో మొలిచిన రావి మొక్కను దయచేసి ఎవరూ పీకవద్దు, వేరుతోపాటు ఇటుకలూ వస్తాయి. మొదలు కోసి, వేరు చచ్చేదాకా చిగురు గిల్లుతూ ఉండాలి. దూలాల మరమ్మతుకు సంబంధిత కార్యాలయానికి నాలుగు అర్జీలు ఇచ్చాం. వచ్చిన అంచనాలో సున్నం మాటే లేదు, మళ్లీ సిమెంటే రాశారు. అభ్యంతరం రాసి పంపాం, జవాబు లేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డులో ఉంది, ఆమోదించగలరు.

అక్టోబరు తుపానులకు ముందే తూములు తీయాలి. నిచ్చెన, గోనెలు మెట్ల కింది గదిలో ఉన్నాయి. ఆదివారాల వంతులకు పేర్లు సభ ముగిసేలోగా ఇవ్వండి.

కార్యదర్శి